మామయ్య జేబు మీద బ్యాడ్జి

కళ్ళజోళ్ళ మామయ్య ఎవరి వైపు నిలబడితే ఆ అభ్యర్థి ఓడిపోతాడు. ఆ నియోజకవర్గంలో ఇంకా ఓటు రాని పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి గెలిచే గుర్రం మాత్రం ఒక్కనాడూ కనబడలేదని జనం చాటుగానూ, ఒక్కోసారి ఆయన ఎదుటేనూ నవ్వుకునేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. ప్రచారం మొదలయ్యాక ఏ మీటింగుకూ వెళ్ళడు, ఏ జెండా పట్టడు. దుకాణంలో కూర్చుని ఫ్రేములకు స్క్రూలు బిగించుకుంటూ ఉంటాడు. ఆఖరి వారంలో ఓ పొద్దున్నే చొక్కా జేబుకి బ్యాడ్జి తగిలించుకుని బయటికొస్తాడు. ఇక అంతే. అది ఎవరి బ్యాడ్జి అయితే వాళ్ళ పని గోవిందా. పందేలు కాసేవాళ్ళు ఆ పూటతో దుకాణం కట్టేసేవారు.

నియోజకవర్గం ఏర్పడ్డాక జరిగిన మొట్టమొదటి ఎన్నికల్లో ఆయన ఎరువుల వ్యాపారి వైపు ఉన్నాడు. గెలుపు విందుకని వ్యాపారి ముందే ఊరంతటికీ సరిపడా వండించాడు. ఆ సాయంత్రం వడ్డించుకుని తిన్నది వ్యాపారీ, మామయ్యా ఇద్దరే. తర్వాత లెక్కల మాష్టారి వంతు. సగం ఊరికి కూడికలు నేర్పిన ఆయనకు తన ఓట్లు కూడుకోవడానికి వేళ్ళు కూడా అవసరపడలేదు. ఉప ఎన్నికలో వస్తాదు నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా మంచి ఆధిక్యంలో ఉన్నవాడు, మామయ్య లెక్కింపు కేంద్రం గేటు దగ్గర కనబడ్డాడన్న కబురు రాగానే వెల్లకిలా పడ్డాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత ప్రభుత్వం సరిహద్దులు మార్చింది. పక్క పేటలు తెచ్చి కలిపి, మన పేటలు తీసి అవతల పారేసి, నియోజకవర్గం ముఖమే గుర్తుపట్టకుండా చేసింది. మామయ్య రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు.

సినిమా హాలు యజమాని ఎమ్మెల్యే అయ్యాక, ప్రతి ఎన్నికలకూ ముందు తన మేనేజరుని కళ్ళజోళ్ళ దుకాణానికి పంపేవాడు.

"మామయ్యగారూ, ఈసారి మీ మద్దతు ఎవరికో మా ఎమ్మెల్యేగారు కనుక్కు రమ్మన్నారు."

"ఇంకా ఏమీ అనుకోలేదోయ్."

"ఎవరికైనా ఇవ్వండి, మాకు మాత్రం వద్దు. మా మీద అభిమానం ఉంటే మనసులోనే ఉంచుకోండి, చాలు."

అలాంటి నియోజకవర్గంలో, అలాంటి హాలాయన మీద, మామయ్య సొంత మేనకోడలే పోటీకి దిగింది. ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. రైలు గేటు పడ్డప్పుడల్లా తన కారు పక్కనే అంబులెన్సు ఆగిపోయి కూతపెడుతుంటే వినలేక, అక్కడ వంతెన కట్టించి తీరతానని నామినేషన్ వేసింది. స్టీరింగ్ గుర్తు కూడా వచ్చింది. ఊళ్ళో బండి తోలేవాళ్ళలో సగం మంది తన శిష్యులే కాబట్టి గెలుపు ఖాయమనుకుంది. ఒక్క మామయ్య జేబు తప్ప ఆవిడకు దేని గురించీ బెంగ లేదు.

వాళ్ళమ్మ వెళ్ళి అన్నగారిని బతిమాలింది.

"అన్నయ్యా, నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్కసారికీ హాలాయన బ్యాడ్జి పెట్టుకో."

"చూద్దాంలేవే."

"చూడ్డం కాదు. కావాలంటే ఆయన కటౌటు మోసుకు తిరుగు. మా వీధి మొహం మాత్రం చూడకు."

ఆఖరి వారం వచ్చింది. మేనకోడలు పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి చూసేసరికి మామయ్య ఉతికిన చొక్కాతో గేటు తీస్తున్నాడు. జేబు మీద స్టీరింగ్ బ్యాడ్జి తళతళలాడుతోంది. ఆవిడ నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. వంటింట్లో వాళ్ళమ్మ పళ్ళెం జారవిడిచింది.

"ఏం అమ్మడూ, ఇవాళ ఏ వీధికి వెళ్దాం?" అన్నాడు మామయ్య, పెళ్ళికి బయల్దేరినంత హుషారుగా.

కాదనలేకపోయింది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మేనమామ మరి. ఆ వారమంతా ఆయన వెంటే తిరిగాడు. కరపత్రాలు పంచాడు, ఆవిడ గొంతు బొంగురుపోతే తనే అరిచాడు. తలుపు తీసినవాళ్ళు నవ్వుతూ ఆవిణ్ణి పలకరించేవారు. వెనకాల మామయ్య కనబడగానే "అయ్యో పాపం" అన్నట్టు చూసేవారు. ఆవిడకు ఒళ్ళు మండేది, కానీ మామయ్య మొహం చూసి మింగేసేది.

లెక్కింపు రోజున హాలాయన మళ్ళీ గెలిచాడు. సాయంత్రానికి మేనకోడలి ఇంటి ముందు మనిషి లేడు. పొద్దున జై కొట్టిన శిష్యులు హాలు వైపు హారన్లు కొట్టుకుంటూ వెళ్ళారు. షామియానా వాళ్ళు ఆవిడ కూర్చున్న కుర్చీ కూడా అడిగి తీసుకుపోయారు. వరండా మెట్టు మీద కూర్చుని, ఇంతమందికి తను అక్కర్లేకుండా పోయానా అని ఆవిడ లోలోపల కుమిలిపోయింది.

మామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. బ్యాడ్జి ఇంకా తీయలేదు. వాళ్ళమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"అంతా నీ వల్లే అన్నయ్యా! అడుగుపెట్టావు, నా పిల్ల కొంప ముంచావు!"

"అవునమ్మా, నా పాదమే అంత," అన్నాడాయన తలొంచుకుని.

అమ్మ తిడుతున్నకొద్దీ తన గుండెల్లో బరువు కాస్త కాస్త దిగుతున్నట్టు మేనకోడలికి అనిపించింది. తప్పు తనది కాదన్నమాట, మామయ్య పాదానిది. అంతలో గేటు చప్పుడైంది. ఎరువుల వ్యాపారి, లెక్కల మాష్టారు, వస్తాదు ఎవరి కుర్చీ వాళ్ళు చంకన పెట్టుకుని లోపలికొచ్చారు. నియోజకవర్గంలో ఓడినవాళ్ళంతా అక్కడే చేరినట్టయింది.

"తిట్టమ్మా, బాగా తిట్టు," అన్నాడు మాష్టారు కుర్చీ వేసుకుంటూ. "నేను మళ్ళీ ఎన్నికలొచ్చేదాకా తిట్టాను ఈయన్ని. లేకపోతే నన్ను నేనే తిట్టుకుని మంచం పట్టేవాణ్ణి."

"అదేంటి మాష్టారూ?" అంది మేనకోడలు.

"ఈయన వచ్చాడని మనం ఓడిపోలేదమ్మా. మనం ఓడిపోతామని తెలిసే ఈయన వచ్చాడు. నాకూ చాలా ఆలస్యంగా అర్థమైంది."

మేనకోడలు మామయ్య వైపు తిరిగింది. ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళ పరీక్ష గదిలో లైటు తీసేసి, అద్దాలు మార్చి మార్చి ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతుంటాను కదే. ఆ ఊపులో ఓటు ఎవరికో కూడా చెప్పేస్తారు జనం. కళ్ళు చికిలించుకునేవాడికి అబద్ధమాడే తీరిక ఉండదు."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఆ వారం గడప దాటేదానివా? వంతెన మాట అన్ని ఇళ్ళకూ చేరేదా?"

"పోనీ ఓడాక రావచ్చుగా. ముందే ఆ బ్యాడ్జి ఎందుకు, ఊరందరి చేతా మాటలు పడటమెందుకు?"

"ఓడాక వస్తే పరామర్శకొచ్చినట్టుంటుంది అమ్మడూ. ముందే వస్తే నీతో పాటు నేనూ ఓడినట్టు."

మేనకోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మామయ్య మీద ఇన్నాళ్ళూ లేనంత ప్రేమ పొంగుకొచ్చింది. ఆవిడ బావురుమనేదే, కానీ వస్తాదుకి ఆకలేసింది. వాళ్ళమ్మ తిట్లు సగంలో ఆపి వంటింట్లోకి పరుగెత్తింది. ముగ్గురు పెద్దమనుషులూ తమలో ఎవరు ఘనంగా ఓడారన్న దాని మీద పోట్లాట మొదలెట్టారు. డిపాజిట్ పోయినవాడిదే అసలైన ఓటమని వ్యాపారి వాదిస్తే, గెలుస్తూ గెలుస్తూ ఓడటంలో ఉన్న బాధ మీకేం తెలుసని వస్తాదు తొడ కొట్టాడు. మేనకోడలు నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది.

భోజనాలయ్యాక మామయ్యను సాగనంపుతూ గేటు దాకా వచ్చింది.

"వచ్చేసారి మళ్ళీ నిలబడతాను మామయ్యా. వంతెన కట్టించేదాకా వదలను. నువ్వు మాత్రం నా ప్రచారానికి రాకూడదు, చెప్తున్నా."

"రానులేవే."

"గెలిచిన రోజైనా వచ్చి మా ఇంట్లో భోంచేయాలి మరి."

మామయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆవిడ వైపు చూశాడు.

"ఆ రోజు కుదరదు అమ్మడూ. పాపం, హాలాయన ఒక్కడే ఉంటాడు."