ఆవ ఒడ్డున తాతగారి మెట్లు

మా తాతగారి పరువు తీయాలని ఇద్దరు దాయాదులు, మూడు ఊళ్ళ రైతులు ముప్పై ఏళ్ళు కష్టపడ్డారు. వాళ్ళ వల్ల కాలేదు. నేను పదిహేను రోజుల్లో తీసేశాను. అదీ పరోపకారం చేసి! ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి గాని నిటారుగా కూర్చుని నవ్వండి. మా ఇంటి ఆచారం అది.

అరవైల నాటి సంగతి. ఎస్టేటు పోయాక మాకు మిగిలినవి రెండే: కప్పు కారే మేడ, వంగని నడుము. మా బావ సూరిబాబు అనకాపల్లి బెల్లం మార్కెట్లో పనిచేసేవాడు.

"బావా, మా సావుకారు దగ్గర గుమస్తా పనుంది. రేపే వచ్చీ" అనేవాడు.

"మా వంశంలో ఒకరి కింద పనిచేసినవాడు లేడు."

"అసలు పని సేసినోడే లేడు గదేటి!"

అప్పుడే ఒక విదేశీ సేవాసంస్థ కొండకర్ల ఆవ ఒడ్డున శిబిరం పెట్టింది. ఆవ అంటే పెద్ద మంచినీటి సరస్సు. ఆరు దేశాల యువకులు జీతం లేకుండా మట్టి మోస్తారట. బాగా చేసినవాడికి నాయకురాలు ఉత్తరం ఇస్తే ఆఫ్రికా వెళ్ళే బృందంలో చోటు దొరుకుతుందట. నాకు జ్ఞానోదయమైంది. జీతానికి ఇక్కడే చేస్తే నౌకరీ. ఓడెక్కి వెళ్ళి ఊరికే చేస్తే సేవ! గుమస్తాగిరీ నుంచి నన్ను కాపాడగలిగింది ఆ ఉత్తరం ఒక్కటే.

నాయకురాలు మార్తా అనే స్విస్ ఆవిడ. నా ఇంగ్లీషు విని మురిసి, దుబాసీగా పెట్టుకుంది.

"మనకు తోచింది కట్టకూడదు. ఊరివాళ్ళకు కావలసింది, వాళ్ళతో కలిసి కట్టాలి. వారం రోజులు తిరిగి అడిగి రండి" అంది.

అడగడమా? మా వంశంలో ఇచ్చినవాళ్ళున్నారు గాని అడిగినవాళ్ళు లేరు. అయినా గొడుగేసుకుని వెళ్ళాను. ఒడ్డున చదునైన చోటు చూసుకుని నిలబడ్డాను. చేపలు పట్టే సన్యాసమ్మ, మరో పదిమంది చుట్టూ చేరారు.

"ఇక్కడ మీకు రాతి మెట్లు కావాలి. అవునా?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సిత్తం బాబూ."

"మా తాతగారు కట్టిస్తానన్న మెట్లివి. ఆయన పేరు చెక్కిన పలక పైమెట్టుగా ఉండాలి. అవునా?"

"సిత్తం, సిత్తం."

వారం పని అయిదు నిమిషాల్లో ముగిసింది. 'ఊరంతా ఏకగ్రీవం' అని పుస్తకంలో రాసుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను చూడండి, అడక్కుండానే పెట్టేశాను!

పని మొదలైంది. నడుము వంచకుండా గునపం వేసే పద్ధతి లోకంలో నేనొక్కణ్ణే కనిపెట్టాను. జెండా కర్ర పాతుతున్నాడనుకుని ఒక జపాను కుర్రాడు నన్ను ఫొటో కూడా తీశాడు. ఊరివాళ్ళు మాత్రం ఎవరూ పనిలో కలవలేదు. దూరంగా కూర్చుని మావైపు జాలిగా చూసేవారు.

"వాళ్ళెందుకు రారు?" అంది మార్తా.

"గౌరవం" అన్నాను.

ఆఖరిరోజు సభ. నా ఉత్తరం టైపయి సిద్ధంగా ఉంది. మార్తా సంతకానికి కలం మూత తీసి, "ఈ మెట్లు ఎలా ఉపయోగపడతాయో చెప్పమనండి" అంది.

సన్యాసమ్మ లేచింది. "మెట్లు శానా బాగున్నాయి బాబూ. మరి మా తాటి దోనెలు ఏటి సెయ్యాల? అయి ఒడ్డుకీడ్సుకునే రేవు ఇదొక్కటే. మిగిలిందంతా తుంగ, బురద. ఏటకెల్లి పదేను రోజులైంది. సేపలేటి, మెట్లెక్కి వత్తాయా?"

దోనెలంటే తాటిమాను తొలిచి చేసిన పడవలు. ఆ ఊరి కూడు వాటిమీదే.

"ముందే చెప్పొచ్చుగా!" అన్నాను.

"తవరడిగేరేటి? తవరు సెప్పేరు. మేం సిత్తం అన్నాం."

"ఏమంటోంది?" అంది మార్తా.

పాఠకులారా, 'గుడి మెట్లలా ఉన్నాయంటోంది' అంటే చాలు. సంతకం, ఓడ, ఆఫ్రికా! రెండు భాషలూ వచ్చినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. కాని మా వంశంలో బుద్ధి లేనివాళ్ళుంటే ఉండవచ్చు, అబద్ధమాడినవాళ్ళు లేరు. నిటారుగా నిలబడి ముక్క పోకుండా చెప్పాను. 'ఆయన అడగలేదు, చెప్పాడు' అన్న ముక్కను మార్తా రెండోసారి చెప్పించుకుంది.

కలానికి మూత పెట్టేసింది. "ఇప్పుడేం చేయమంటారో అడగండి."

అడిగాను. మా వంశంలో అదే మొదటి ప్రశ్న.

"మెట్లు పీకీండి. ఆ పేరున్న పలక మట్టుకు ఏటవాలుగా పరిసీండి. నున్నగున్నాది. దోనెలు జర్రున జారతాయి."

శిబిరం ఇంకో మూడు రోజులు పొడిగించి పీకాం. ఈసారి ఊరంతా కలిసింది. "వొంగాల బాబూ! గునపం వొంగదు, మనవే వొంగాల" అని సన్యాసమ్మ పక్కనే నిలబడి పాఠం చెప్పింది. వంగాను. మూడు తరాల నడుము కటుక్కుమంది. మొదటి దోనె తాతగారి పేరుమీదుగా నీళ్ళలోకి జారింది. "మీ తాతగోరు మాకు సేసిన మొదటి మేలిదే బాబూ" అంది సన్యాసమ్మ, నిజమైన కృతజ్ఞతతో.

మార్తా వెళుతూ ఉత్తరం ఇచ్చింది. వేరేది. రెండే వాక్యాలు: 'ఇతన్ని ఏ దేశానికీ పంపవద్దు. కాని తనకు నష్టమొచ్చినా ఇతను అబద్ధమాడడు.'

దాన్ని సూరిబాబు తన సావుకారుకు చదివి వినిపించాడు. "ఇలాంటి సీటీ ఈ మార్కెట్లో ఇంకెవడికాడా లేదు బావా!" అని గంతులేశాడు. మర్నాడే గుమస్తానయ్యాను.

ఆ రోజే బెల్లం దిమ్మ మీద చెయ్యి వేసి శపథం చేశాను. ఇకమీదట అడగకుండా ఎవరికీ సేవ చేయను. ఆవలో ఎవరైనా మునిగిపోతూ కేకలు వేసినా సరే, గట్టున వంగి నిలబడి 'తమకేం కావాలి?' అని అడుగుతాను. జవాబు విన్నాకే దూకుతాను. 'సిత్తం' అన్నారో, మళ్ళీ అడుగుతాను.