మైనపు పన్ను

అరకు దగ్గరి కొండ ఊరిపిల్ల కొర్రా సునీలకు విశాఖలో కట్టుడు పళ్లు తయారుచేసే కోర్సు చదవాలని కోరిక. సీటు రావాలంటే చేతిపని పరీక్ష నెగ్గాలి. ఎదుట పెట్టిన నమూనా చూసి మైనపు ముద్దను దంతంలా చెక్కాలి. సునీల వేసవంతా సబ్బుబిళ్లల మీద, కొవ్వొత్తుల మీద సాధన చేసింది. దవడపన్ను మీది గుంతలు కూడా చక్కగా వచ్చేవి.

వానలు పడగానే మలేరియా పట్టుకుంది. జ్వరం తలకెక్కి, ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. బతికి ఇంటికొచ్చింది గానీ కుడిచేతి వణుకు పోలేదు. అయినా కత్తి పట్టింది. చెక్కిన ప్రతి పన్నూ వేరు దగ్గర విరిగిపోయేది.

"ఈ ఏడాదికి ఒగ్గేయే గుంటా. నరాలు సర్దుకున్నాక ఎల్దువుగానీ," అంది తల్లి.

"ఇంక సర్దుకోవని డాక్టరు సెప్పేసాడమ్మా. నానే నీకు సెప్పనేదు."

పరీక్షకు తల్లి కూడా విశాఖ వెళ్లింది. హాల్లో సునీల వణుకు ఆపాలని ఎడమచేత్తో కుడి మణికట్టు అదిమి పట్టుకుంది. అప్పుడు మైనం పట్టుకోవడానికి చెయ్యి లేకపోయింది. కాసేపటికి కత్తి బల్లమీద పెట్టి, చెక్కని ముద్దనే ఇచ్చేసి బయటికొచ్చింది.

"ఆకలేత్తందా?" అని అడిగింది తల్లి.

సునీల తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ అరకు బస్సెక్కారు.