నీళ్ళకు పోవాల్సిన పటం

మా నాయిన పెట్టిన గిర్వి దుకాణంలో రెండు పద్ధతులు ఉండేవి. తాకట్టు పెట్టిన వస్తువు ఎట్లా వచ్చిందో అట్లాగే పోవాలి. తెగిన గొలుసు తెగినట్టే, సొట్ట చెంబు సొట్టతోనే. ఇక విడిపించుకునే రోజు దాని గుర్తులన్నీ పైకి చదవాలి, ఒక్కో గుర్తుకు యజమాని "ఉంది" అనాలి. అప్పుడే వస్తువు చేతికి ఇచ్చేవాళ్ళం. నా చిన్నతనంలో ఒక కాలిపట్టీకి మువ్వ ఊడిపోయి ఉంటే, పాపమని నేను అతికించి పెట్టాను. విడిపించుకోవడానికి వచ్చినామె ఆ పట్టీ తనది కాదు పొమ్మంది. నాయిన మువ్వను మళ్ళీ ఊడదీసి ముందు పెట్టేదాకా ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం నుంచి గుర్తులు రాసే పని నాకు అప్పగించారు. దుకాణం పుస్తకంలో ఒక్క వాక్యానికే చోటు ఉండేది కాబట్టి, ఇంటికి వెళ్ళి నా డైరీలో పూర్తిగా రాసుకునేవాణ్ణి. అట్లా మొదలైన డైరీ ఇప్పటికీ ఆగలేదు.

జనగామలోని ఆ దుకాణాన్ని ఇప్పుడు మా కోడలు నడుపుతోంది. నేను కూర్చోవడం మానేసినా, వింత వస్తువు ఏదైనా వస్తే కబురు పెడుతుంది. బంగారానికి గీటురాయి ఉంది, వెండికి కాటా ఉంది. పాత గోడ గడియారానికీ, నకాషీ చేసిన పాన్‌దాన్‌కూ కళ్ళే కాటా.

పటం కూడా అట్లాగే వచ్చింది. కథ చెప్పే ఒక పెద్దాయన దాన్ని చుట్టగా చుట్టి, భుజాన పెట్టుకొని తెచ్చాడు. భూపాలపల్లి వైపు ఘనపూర్ నుంచి మహదేవపూర్ దాకా నేతవాళ్ళ ఊళ్ళు తిరిగి, వాళ్ళ కులం పుట్టుక కథను బొమ్మలు చూపిస్తూ చెప్పడం ఆ కుటుంబం హక్కు. తాతల నాటి గుడ్డ. విప్పితే ముప్పై మూరలు. బాగా నలిగింది, పొగచూరింది. కొత్త పటం రాయించాలంటే చిత్రకారుడికి ముందే కొంత ఇవ్వాలి. పాతదాన్ని మా దగ్గర పెట్టి ఆ డబ్బు తీసుకున్నాడు.

పుచ్చుకున్నది నేనే. అందులో ఉన్న తిరకాసు ఆ రోజు ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. కొత్త పటం తయారయ్యాక పాతదానికి మనిషికి చేసినట్టే దినం చేసి గోదావరిలో కలపాలి. పాతది నీళ్ళకు పోనిదే కొత్తది విప్పకూడదు. కొత్తది విప్పనిదే కథ లేదు, కథ లేనిదే రాబడి లేదు, రాబడి లేనిదే పాతది మా దగ్గర్నుంచి విడవదు. ఇంటికి కొత్త తలుపు చేయించడానికి తాళంచెవి కుదువ పెట్టినట్టయింది.

గడువు దాటి చాలా కాలమైంది. కోడలు రెండుసార్లు కబురు పంపింది. మూడోసారి, బుధవారం దాకా చూస్తాం, ఆ తర్వాత అమ్ముతాం అని చెప్పించింది. పటం ఫొటోను పాత వస్తువులు కొనేవాళ్ళకు ఫోన్‌లో పంపితే, హైదరాబాద్ ఆయన ఒకరు బుధవారమే వచ్చి చూస్తానన్నాడు. పొద్దున్నే నాకూ కబురు వచ్చింది. ఆ పటం గుర్తులు రాసిన డైరీ సంచిలో పెట్టుకొని వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి పెద్దాయన బెంచీ మీద ఉన్నాడు.

"వచ్చినవా సేటు. నీ కోడలు నన్ను నిలవడనిస్తలేదు."

"కూసునే ఉన్నవు గద బాపు, నిలవడుమని ఎవరన్నరు?" అంది కోడలు కౌంటర్ వెనక నుంచి. ఆయన ఇచ్చిన రుమాలు మూట విప్పి చూసింది. "గిది సగం గూడ కాదు."

"కొత్తది తయారైంది బిడ్డా. మొన్ననే బొమ్మలకు కండ్లు దిద్దిండ్రు. ఈ ఎండాకాలం కథలు కానియ్యి, మిగిలింది తెచ్చిస్త."

"రెండు ఎండాకాలాలు గిదే మాట మీద పోయినయి."

ఆయన కుడిచేతి వెండి కడియాన్ని ఎడమచేత్తో తిప్పుతూ కూర్చున్నాడు.

ఎండ ముదిరే వేళకు కారు వచ్చి ఆగింది. దిగినాయన చక్కగా నవ్వాడు. తెల్లారగట్లే మానుకోటలో రెండు ఇత్తడి గంటలు కొన్నానని, ఆకలి మీద ఉన్నానని చెప్పాడు. "పటం చూపిస్తారా మేడం?"

"విప్పాలంటే కొబ్బరికాయ కొట్టాలె," అన్నాడు పెద్దాయన.

"నేను చూసేది గుడ్డనండి, పూజ కాదు."

"నువ్వు జూసేది గుడ్డనే. విప్పేది నేను."

కోడలు పక్క కిరాణం నుంచి కాయ తెప్పించింది. "కాయ పైసలు మీ లెక్కలనే వేస్త సార్," అంది.

మా దుకాణం పొడవు పది మూరలు కూడా ఉండదు. నేల మీద తెల్ల పంచె పరిచి, ఒక కొస పెద్దాయన పట్టుకున్నాడు, రెండో కొస నేను. నేను విప్పుతూ పోతుంటే ఆయన చుట్టుతూ వచ్చాడు. ఇంగిలీకం ఎరుపు మీద మునులు, మగ్గాలు, తామరపువ్వులు ఒక్కో గడి చొప్పున మా మధ్య నుంచి సాగిపోయాయి. ఒక్కో గడి ఎదురు రాగానే ఆయన పెదవులు కదిలేవి. శబ్దం మాత్రం లేదు.

కొనేవాడు మోకాళ్ళ మీద వంగి చిన్న లైటు వేసి చూశాడు. దీపం మసి చూశాడు, గుడ్డ వెనక తిప్పి పోగు చూశాడు, అంచున వేళ్ళ జిడ్డు పట్టిన చోట వాసన చూశాడు. పని తెలిసినవాడే. నచ్చిన వస్తువు ముందు మొహం ఎట్లా ఎండబెట్టుకోవాలో కూడా తెలిసినవాడే.

"బాగా చివికిపోయింది. ఇరవై వేలు," అన్నాడు లేస్తూ.

"ఇరవైకి మా షట్టర్ గూడ లేవది సార్. అరవై."

"అరవైకి కొత్తవి రెండు రాయించుకోవచ్చు."

"రాయించుకోండ్రి. మసి పట్టాలంటే మీ మనుమలు కథ చెప్పాలె."

ఆయన నవ్వాడు గాని ధర పెంచాడు. కోడలు కొంచెం దిగింది. కాసేపటికి నలభై అయిదు దగ్గర ఇద్దరూ ఆగారు. అప్పటిదాకా చుట్టుతున్న పెద్దాయన చేతులు కూడా ఆగాయి.

"మా పైకం పోను మిగిలింది నీకే ఇస్త బాపు," అంది కోడలు. "ఒక్క రూపాయి ఉంచుకోను."

"పైసలు గోదాట్ల కలిపితే కొత్తది విప్పనిస్తరా బిడ్డా?"

ఆమె తల దించుకొని బిల్లు పుస్తకం ముందుకు లాక్కుంది. రాయడం మాత్రం మొదలుపెట్టలేదు. కొనేవాడు నా వైపు తిరిగాడు.

"మీరు అన్నీ రాసి పెట్టుకుంటారటగా సార్. మొత్తం ఒక్క చేతి పనేనా?"

కోడలు నన్ను చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. బేరం మధ్యలో అడగని గుర్తు చెప్పొద్దు, అడిగిన గుర్తు దాయొద్దు అని ఆమెకు నేర్పింది నేనే. ఇప్పుడు ఆయన అడిగాడు. డైరీ తీసి ఆ రోజు రాసింది చదివాను. మొదటి మూడు గడులు తర్వాత అతికినవి. గుడ్డ మిల్లుది, రంగు బజారుది.

నిజమే చెప్పాను. కానీ ధర పడిపోతే ఈయన విసుక్కొని వెళ్ళిపోతాడనే ఆశ లేకుండా చెప్పానని ఆ రాత్రి డైరీలో రాసుకోలేకపోయాను.

ఆయన వెళ్ళలేదు. చుట్ట వెనక్కి విప్పించి, ఆ మూడు గడుల దగ్గర వంగి అతుకు మీద గోరు ఆనించి చూశాడు. "మంచిదే అయింది. ఈ మూడు తీసేద్దాం, మిగతాదానికి అదే ధర ఇస్తాను. ఆ మూడూ ఈయనకే ఇవ్వండి, నీళ్ళలో కలుపుకుంటాడు. అందరి పనీ అవుతుంది." కౌంటర్ మీద, తాకట్టు మూటలకు ముద్ర వేసే గుడ్డలు కత్తిరించే కత్తెర ఉంది. దాన్ని తన వైపు జరుపుకున్నాడు.

పెద్దాయన అతుకు మీద అరచెయ్యి పెట్టి నేల మీద కూలబడ్డాడు.

"ఎలుకలు కొడితే మా నాయిన అతికిచ్చిండు గవి. మీ దిక్కు కాలు ఒక్కటి కాలవెట్టి మనిషికి దినం జేస్తరా?"

"పెద్దాయనా, నేను మీ మంచికే..."

"జేస్తరా అని అడిగిన."

నా నోటి మాటే కత్తెర దాకా తెచ్చింది. ముందుకు జరిగి ఏదో అనబోయాను గాని, అది నా కుర్చీ కాదు.

కోడలు చెయ్యి చాచి కత్తెర తీసుకొని సొరుగులో వేసింది. "మా దుకాణంల పెట్టిన వస్తువు తెగది సార్."

"గడువు దాటింది కదా మేడం. ఇప్పుడిది మీ సొంతం."

"నాదే. గందుకే చెప్తున్న."

"సరే, మొత్తం ఇచ్చెయ్యండి. ఇంటికి తీసుకెళ్ళి నేనే కోయించుకుంటాను." జేబులోంచి నోట్ల కట్ట తీసి కౌంటర్ మీద పెట్టాడు.

దీనికి నాయిన పద్ధతిలో జవాబు లేదు. గడప దాటిన వస్తువు గురించి ఆయన ఏమీ చెప్పలేదు. కోడలు ఆ కట్టను చూస్తోందో, నేల మీది చేతిని చూస్తోందో నాకు తెలియలేదు. నెలాఖరు దగ్గరపడింది, దుకాణం అద్దె కట్టాలి. ఆమె ఫోన్ మోగింది. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది.

"బాపు," అంది చివరికి, "నీ చేతికున్న కడియం ఎక్కడిది?"

"నా మొదటి కథకు ఊరోళ్ళు తొడిగిండ్రు. ముప్పై ఏండ్లు దాటింది."

"తీస్తవా?"

ఆయన లేచి వెనక నల్లా దగ్గరికి నడిచాడు. నేను సబ్బు ఇచ్చి నీళ్ళు పోశాను. బొటనవేలి మొదలు ఎముక బాగా లావెక్కింది. కడియం అక్కడిదాకా వచ్చి ఆగింది. తిప్పాడు, లాగాడు, మళ్ళీ సబ్బు పెట్టాడు. చర్మం ఎర్రబడి కొద్దిగా చీరుకుపోయింది. "కాటాకు తెలుస్తదా సేటు, గిదెంత గట్టిదో," అన్నాడు పళ్ళు బిగించి. చివరికి ఊడివచ్చింది. ఉన్న చోట తెల్లని వలయం మిగిలింది.

కోడలు తూచింది. వెండి ధర కట్టి, రుమాలు మూటతో కలిపినా లోటే. కాటా పళ్ళెం నుంచి కడియం తీసి, పటం బదులు దానికి గిర్వి చీటీ రాసి ఆయన ముందు పెట్టింది. నోట్ల కట్టను కొనేవాడి వైపు జరిపింది.

ఆయన కట్ట జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ కడియం పాతదే కదా, అమ్ముతారా?" అని అడిగాడు.

"గిర్వి వస్తువు సార్. గడువు కానియ్యండి," అంది కోడలు. "కాయ పైసలు మరిచిపోయిండ్రు."

కాయ డబ్బులిచ్చి వెళ్ళాడు.

తర్వాత నేను డైరీ చూసి గుర్తులు చదివాను. అయిదో గడిలో ఎలుక కొరికిన రంధ్రం. "ఉంది." తొమ్మిదో గడి అంచున నూనె మరక. "ఉంది." చివరి గడిలో నిలువు చిరుగు, నల్లదారం కుట్టు. "ఉంది." మొదట్లో అతికిన గడులు మూడు. ఆయన అతుకు మీద వేలు నడిపించి, "ఉన్నయి సేటు, మూడు ఉన్నయి," అన్నాడు.

సాయంత్రం షట్టర్ దించుతూ కోడలు అంది, "కోయనిచ్చిండ్రని ఊళ్ళల్ల ఒక్కపారి వినవడితే రేపు ఎవరొస్తరు మామ? నేను నా గిరాకీ జూసుకున్న, గంతే. ఇంకోపారి బేరం కాడికి డైరీ మాత్రం తేకు."

దినానికి నన్ను కూడా రమ్మన్నాడు పెద్దాయన. బస్సులు మారి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరాం. నడుములోతు నీళ్ళలో నిలబడి ఆయన పటాన్ని విప్పకుండా, చుట్ట చుట్టినట్టే ముంచి పట్టుకున్నాడు. గంజి, చింతగింజల జిగురు నానేదాకా గుడ్డ పైకి లేస్తూనే ఉంది. రెండు చేతులతో అదిమి పట్టాడు. కొంతసేపటికి నీళ్ళు సుద్ద కలిపినట్టు తెల్లబడ్డాయి. అప్పుడు వదిలాడు.

వానలు పడ్డాక దుకాణానికి వచ్చాడు. నేను ఉన్న రోజే వచ్చాడు. భుజం మీద కొత్త పటం ఉంది.

"ఎన్ని ఊళ్ళల్ల విప్పినవ్ అన్నా?" అని అడిగాను.

"పదకొండు. ఇంకో రెండు ఊళ్ళోళ్ళు పిలిచిండ్రు, వాన ఆపింది."

మిగిలిన లోటుతో సహా కట్టాడు. కోడలు కడియం తీసుకొచ్చింది. నేను చదివాను. లోపలి వైపు పొడుగు గీత ఒకటి. "ఉంది." ఒక అంచున అరుగుదల. "ఉంది."

సబ్బు కావాలా అని కోడలు అడిగింది. అవసరం లేదన్నాడు. ఊళ్ళు తిరిగి చెయ్యి చిక్కిపోయింది. కడియం ఎక్కడా ఆగకుండా మణికట్టు దాటి పైకి జారింది. పడిపోకుండా దాన్ని మోచేతి దాకా నెట్టుకొని పటం భుజానికెత్తుకున్నాడు.