తలుపు సరిగ్గా వెయ్యి

వసంతం వచ్చిందంటే ఆ తీరంలో గాలికి పిచ్చెక్కుతుంది. కొండ అంచున పసుపుపచ్చ పూలు నేలని కరుచుకుని పూస్తాయి. తల ఎత్తితే తెగిపోతామని వాటికి తెలుసు. రాళ్ల సందుల్లో పిట్టలు గూళ్లు కట్టుకుని ఒకటే గోల. ఇదంతా చూడటానికి పట్నాల నుంచి జనం దిగుతారు. పగలంతా గాలిలో తిరిగి, ఆవురావురుమంటూ లాడ్జికి చేరి, చేపల సూపూ అప్పుడే కాల్చిన రొట్టే ముందు పెట్టుకుని, "ఇక్కడి మనుషుల బతుకు ఎలా ఉంటుందండీ?" అని అడుగుతారు. సూపు చేసేది అక్క. వాళ్లకి వడ్డించే బతుకు కూడా అక్కదే.

అక్క అంటే లాడ్జి యజమానికి సొంత అక్క. మొగుడు పడవతో సహా సముద్రంలో కలిసిపోయాక తమ్ముడు వంటింటి పక్కగది ఇచ్చి, వంట అప్పగించాడు. ఒక వసంతంలో ఎవరో అడిగితే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. "జావలో ఉప్పెక్కువైందని పొద్దున్నే గొడవ. గిన్నె తోసేసి వెళ్లాడు. మళ్లీ రాలేదు." బల్ల దగ్గర అందరూ చెంచాలు కింద పెట్టేశారు. తమ్ముడికి అందులో వ్యాపారం కనిపించింది.

"అక్కా, రోజూ చెప్పు. కాకపోతే ఆ ఉప్పు గొడవ తీసెయ్. నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లాడని చెప్పు."

"ఆయన జన్మలో ఎప్పుడూ పెట్టలేదురా."

"ఇప్పుడు పెడితే వద్దంటాడా ఏంటి?"

చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. బట్టతలా, మూతివిరుపూ ఉన్న ఆ పొట్టి మనిషి ఏడాదికేడాది ఎదిగి ఆజానుబాహువయ్యాడు, పాటలు నేర్చాడు. అక్క అన్నిటికీ తలూపింది. తల దాచుకోవడానికి గది కావాలి కదా. ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆ పొద్దున గడప దాటాక అతను వెనక్కి తిరిగి, కోపం తగ్గిన గొంతుతో, "తలుపు సరిగ్గా వెయ్యి, గాలికి కొట్టుకుంటుంది" అన్నాడు. అంతే. అంత గొడవలోనూ తనకి చలి వేస్తుందని అతనికి తోచిందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే బతుకు లాక్కొచ్చింది. ఆ రోజు నుంచి గొళ్లెం పెట్టకుండా ఏ తలుపూ వదిలింది లేదు. ఆ మాట ఒక్కసారే బయటపెట్టింది, అదీ మేనకోడలికి. చిన్నప్పుడు ఆ పిల్ల గాలి చప్పుడుకి భయపడి దుప్పట్లో దూరితే, పక్కన పడుకుని చెప్పింది.

ఈ వసంతంలో తమ్ముడు కూరలు తరిగే బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు చెప్తుంటే జనం సూపు తాగడం ఆపట్లేదు. ముసలిదానికి మొగుడు లేకపోవడం వింతేం కాదుగా. ఇకనుంచి అమ్మాయి చెప్తుంది."

"మా ఆయన్ని తన మొగుడని చెప్తుందా?"

"కథేగా అక్కా."

అక్క ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. నిజానికి కొంచెం తేలికపడింది కూడా. ఆ ముద్దుల మొగుడితో ఆవిడకి ఏ చుట్టరికమూ లేదు.

ఆ సాయంత్రం సూపు గిన్నె రెండు చేతులా పట్టుకుని అక్క భోజనాల గదిలోకి వచ్చింది. చేతులు ఖాళీ లేక తన వెనక వంటింటి తలుపు వెయ్యలేదు. మేనకోడలు తెల్లబట్టల్లో కూర్చుని బాగానే చెబుతోంది. ముద్దు అయింది, పాట అయింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "గడప దాటాక వెనక్కి తిరిగి ఒక్కటే మాట అన్నారు. తలుపు సరిగ్గా వెయ్యి, గాలికి కొట్టుకుంటుంది."

అక్క చేతిలో గిన్నె ఒరిగి సూపు ముంజేతి మీద ఒలికింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు గాలికి దభాలున కొట్టుకుంది. అతిథులు ఉలిక్కిపడ్డారు. ఒకావిడ ఏడ్చేసింది. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు.

అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తాడంటారు. ఈ ఇంట్లో ఆ పని మేనకోడలు చేసింది. కథ అయ్యాక వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి అక్క మెడ చుట్టూ చేతులేసింది.

"ఎలా చెప్పానత్తా?"

"ఆ మాట నీకు నిద్ర పట్టక చెప్పానే."

"అందుకే ఇంత బాగా గుర్తుంది."

ఏడ్చిన ఆవిడ లోపలికొచ్చి సూపు బాగుందని చెప్పి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ అమ్మాయి భర్త మీకు తెలుసా?"

గుమ్మంలోంచి తమ్ముడు చూస్తున్నాడు. అక్క కాలిన చేతిని కొంగుతో కప్పుకుంది.

"కొంచెం తెలుసండి."

ఆవిడ వెళ్లాక తమ్ముడు తలుపు దగ్గరికి వెళ్లి, రెక్కని ముందుకీ వెనక్కీ ఆడించి చూశాడు. "రేపట్నుంచి దీనికి గొళ్లెం పెట్టకక్కా. అమ్మాయి ఆ మాట అనగానే నువ్వు దభాలున వెయ్యి."

మర్నాడు గాలి లేదు. ఆ కాలంలో ఎప్పుడో గానీ అలా ఉండదు. పూలు కూడా తలలెత్తాయి. అక్క తలుపు వెనక నిలబడి, చెక్క మీద చెయ్యి ఆనించి వింది. ముద్దు అయింది. పాట అయింది. తర్వాత మొగుడి మాట వినబడింది. అక్క తలుపు వేసింది. అవతల ఎవరూ ఉలిక్కిపడలేదు.

తమ్ముడు తల లోపలికి పెట్టాడు. "రేపు ఇంకాస్త గట్టిగా, అక్కా."