కోపం దిగే స్టాపు

కోపం వస్తే కొందరు అరుస్తారు, కొందరు అలుగుతారు. ఆ ఇంటి పెద్దాయన మాత్రం విజిల్ ఊదేవారు.

ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరు. ఉద్యోగం వదిలినా విజిల్ ఆయన మెడ వదల్లేదు. ఒక్కసారి ఊదితే ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ఆయన కళ్లు మూసుకుని, "కోపం సీట్లోంచి లేచింది... తలుపు దగ్గరికొచ్చింది... మెట్టు మీదుంది... దిగిపోయింది!" అని, రెండుసార్లు ఊది, "రైట్ రైట్!" అన్నాకే సంసారం మళ్లీ కదిలేది.

కొత్తకోడలు మొదటి వారంలోనే గరిటె గాల్లో పట్టుకుని బిగుసుకుపోయింది.

"మామయ్యగారూ, పాలు పొంగుతున్నాయి!"

"పాలకి విజిల్ వినపడదమ్మా. నువ్వెళ్లి దించెయ్."

సంతోషమొచ్చినా ఊదేవారు.

"దానికి కూడా ఎందుకండీ?"

"ఓసారి ఉబ్బితబ్బిబ్బై కొత్త గొడుగు పక్కింటాయనకి ఇచ్చేశానమ్మా. ఆ వానాకాలమంతా తడిశాను. అప్పట్నుంచి దానికీ స్టాపుంది."

కోపాన్ని జయించిన మహానుభావుల మీద గ్రంథాలకు గ్రంథాలున్నాయి. అడవుల్లో, గుహల్లో కూర్చుని జయించారట. గుహలో తడి తువ్వాలు మంచం మీద పడేసేవాళ్లెవరుంటారు! ఈయన ఏడుగురున్న ఇంట్లో, ఉన్న ఒక్క స్నానాలగది ముందు వరసలో నిలబడి జయించారు. ముక్కు మీదే కోపమున్న కోడలికి అదొక అద్భుతంగా ఉండేది.

మూడేళ్లు గడిచాయి. ఒక ఆదివారం భర్త చెప్పులేసుకుంటూ, కూరల సంచీ ఏదని అడిగినంత తేలిగ్గా, "ఆఫీసులో వేరే ఊరికి బదిలీ మీద వెళ్తావా అన్నారు, సరేననేశాను" అన్నాడు. వీధి మొగలో ఆమె బట్టలు కుట్టే కొట్టు తెరిచి నెల తిరగలేదు.

"నన్నో మాట అడిగారా?"

"అడగడానికేముంది!"

ఆమె నోటిదాకా ఒక మాట వచ్చింది. అది బయటపడితే ఈ కాపురం మళ్లీ మునుపటిలా ఉండదని తెలుసు. తెలిసే నోరు తెరిచింది.

వసారాలోంచి విజిల్!

భర్త ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయాడు. కోడలు విసురుగా బయటికొచ్చింది.

"ఇప్పుడు దేనికండీ మీకు కోపం?"

"ఈ పిల్లి మీదమ్మా. ఒళ్లు మండిపోతోంది."

పిల్లి ఆయన ఒళ్లో గురకపెట్టి నిద్రపోతోంది.

కోడలు నిలువునా ఆగిపోయింది. మొన్న తనకీ ఆడపడుచుకీ మాటామాటా పెరిగినప్పుడు, ఈయనకు దోమ మీద కోపమొచ్చింది. మరిది కంచం ముందునుంచి లేవబోతే, గోడగడియారం మీదొచ్చింది. ఇంట్లో ఎవరికి ఉడుకెత్తినా, ఇన్నేళ్లూ ఈయన తన పేరు మీదే ఊదుతున్నారు!

"మామయ్యగారూ... ఇది నా కోపం కదూ?"

"ఎవరిదైతేనేంటమ్మా. స్టాపొస్తోందని ప్రయాణికుల కంటే ముందు కండక్టరుకి తెలుస్తుంది."

ఆమె ఆయన పక్కన చతికిలబడింది. ఆ పాడు మాట మెల్లగా దిగిపోయింది. అడగాల్సిన ప్రశ్న మాత్రం సీట్లోనే కూర్చుంది. దాన్ని దించనక్కర్లేదనిపించింది.

లోపల్నుంచి ఒంటికాలి మీద కేక: "నాన్నా, రైట్ చెప్పు! కాలు పీకేస్తోంది! తనని అడక్కపోవడం తప్పే, ఒప్పుకుంటున్నా!"

పెద్దాయన విజిల్ నోట్లో పెట్టుకోబోయారు. కోడలు చెయ్యి అడ్డుపెట్టింది.

"ఉండండి మామయ్యగారూ. ఇంకా మెట్టు మీదే ఉంది."