గంగమ్మ పేరు చెప్పి విప్పిన చెప్పులు

ఆ రోజు చేపల వేట నుంచి వచ్చి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నా భార్య అప్పలకొండ ముక్కు మూసుకుంది.

"ఏటి మావా ఈ కంపు? సేపల కంపు కాదిది."

చేపల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆ మాట అనేసరికి పాదం తిప్పి చూసుకున్నాను. అడుగున నల్లటి పుండు, చుట్టూ చీము. నొప్పి మాత్రం లేదు. నా ఒంటిని చూసి నాకే రోత పుట్టింది.

నాకు షుగర్ ఉంది. కాళ్లు మొద్దుబారాయని డాక్టరు ముందే చెప్పి, మెత్తటి రబ్బరు అట్టతో చేసే ఎమ్‌సీఆర్ చెప్పులు వేసుకోమన్నాడు. మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో కొన్నాను కూడా. అయితే మా వాళ్లకు పడవంటే గంగమ్మ తల్లి. చెప్పులతో ఎక్కరు. మా నాన్న ఓడ మీద వచ్చి ఈ దీవిలో స్థిరపడ్డాక కూడా ఆ నియమం తప్పలేదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఇన్‌ఫెక్షన్ ఎముకకు పాకిందట.

"చప్పల్ క్యోఁ నహీఁ పహనా, భయ్యా?" అన్నాడు డాక్టరు, చెప్పులెందుకు వేసుకోలేదని.

"బోట్ పే మనా హై సర్. గంగమ్మ," అన్నాను, పడవ మీద చెప్పులు కూడదని.

"బజార్ మేఁ భీ గంగమ్మ నే మనా కియా?"

బజార్లో కూడా గంగమ్మే వద్దందా అని అడిగితే, పుండు ఎప్పుడు మానుతుందంటూ మాట తిప్పేశాను. రెండు కాలివేళ్లు తీసేశారు.

ఇంటికొచ్చాక మళ్లీ చీము పట్టింది. ఇంకా పైకి పాకితే మోకాలి కింద కాలు తీసేయడమే అన్నారు. కాలు పోతే నాకిక పడవ లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, డ్రెస్సింగ్ చేసిన నర్సును తిట్టాను, అప్పలకొండ వంటను తిట్టాను.

"కాలు నీది. సెప్పులిప్పింది నువ్వు. ఊరందర్నీ తిడితే పుండు మానుతాదేటి?" అందామె, కట్టు మారుస్తూనే.

మర్నాడు డాక్టరుకు నిజం చెప్పాను. అవి కుష్టు రోగులు వేసుకునే చెప్పులని జనం నవ్వుతారని సిగ్గుపడి బజార్లోనూ వేసుకోలేదు. ఆ పాడు సిగ్గుకు గంగమ్మ తల్లి పేరు అడ్డం పెట్టాను. చెబుతుంటే పుండు కంటే నేనే ఎక్కువ కంపు కొట్టినట్టనిపించింది.

"అబ్ సచ్ బోలా. అబ్ పైర్ బచేగా," అన్నాడాయన. ఇప్పుడు నిజం చెప్పావు, ఇక కాలు దక్కుతుందని. ఆ మాట పట్టుకునే ఇన్సులిన్ సూదులన్నీ ఓర్చుకున్నాను.

కాలు దక్కింది. ఇప్పుడు పడవ మీద వేసుకోవడానికి, నేల తగలని కొత్త చెప్పుల జత ఒకటి పడవలోనే ఉంటుంది. దానికి అప్పలకొండే గంగమ్మకు మొక్కి పసుపు రాసింది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. రోజూ అరికాలు చూసుకోండి. వంగలేకపోతే ఇంట్లోవాళ్ల ముందు చాపండి. సిగ్గుపడకండి. నా సిగ్గు రెండు వేళ్లు తినేసింది.