ఎవరు, ఏ రోజు

హైటెక్ సిటీ ఆఫీసులో నా పని ఒప్పందాలు రాయడం. క్లయింటు తరఫున వాటిని చూసే లాయరు ఒక ఉక్రెయిన్ ఆవిడ. నేను ‘త్వరలో’ అని రాసిన ప్రతిచోటా కొట్టేసి, “ఎవరు? ఏ రోజు?” అని అడిగేది. నాకు ఒళ్లు మండేది.

తర్వాత ఆవిడ ఉద్యోగం మానేసి, వాళ్ల ఊరి ఎన్నికల్లో నిలబడి గెలిచింది. ఏం హామీ ఇచ్చారని ఫోన్లో అడిగాను.

“ప్రతి పనికీ నా పేరు, ఒక తేదీ” అంది.

మొన్న పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ మీటింగు జరిగింది. నీళ్ల కనెక్షన్ గురించి అడిగితే ప్రెసిడెంటు, “ఫికర్ చెయ్యకుండ్రి మేడం, జల్ది చూస్తం” అన్నాడు.

“ఎవరు? ఏ రోజు?”

“గంత తొందరైతే మీరే వాటర్ బోర్డు ఆఫీసుకు పోయి అడుగుండ్రి.”

“సరే, నేనే వెళ్తాను. శుక్రవారం.”

వెనక కుర్చీలోంచి ఒకావిడ అడిగింది. “ఎన్ని గంటలకండీ?”